చెమ్మ ఎక్కడిదో చెప్పిన యంత్రం: అద్దె ఇంట్లో డీహ్యూమిడిఫైయర్‌తో తొమ్మిది నెలలు

ఊడ్చడానికని పడకగదిలో బీరువాను పక్కకు జరిపిన రోజున, దాని వెనుక గోడ మీద నేల నుంచి నడుము ఎత్తు వరకు ఎవరో నల్ల సిరా చిలకరించినట్టు చుక్కలు కనిపించాయి. వేలితో తాకితే మసిలా అంటుకున్నాయి. బీరువా తలుపు తీస్తే ముక్కిపోయిన వాసన వచ్చింది. చాలా రోజులుగా వాడని తోలు బెల్టు మీద లేత ఆకుపచ్చ నూగు పట్టి ఉంది. అదే వారంలో, బాత్‌రూమును ఆనుకుని ఉన్న రెండో గదిలో గోడకు వేసిన పెయింటు బొబ్బల్లా ఉబ్బి, గోటితో గీకితే పెచ్చులుగా ఊడి, లోపల తెల్లటి ఉప్పు పొడి రాలింది. రెండూ చెమ్మ వల్లనే కనుక రెండింటికీ ఒకటే మందు సరిపోతుందనుకుని, గాలిలోని తేమను లాగేసే డీహ్యూమిడిఫైయర్ ఒకటి కొన్నాను. తొమ్మిది నెలలుగా దాన్ని రెండు గదుల మధ్య తిప్పుతూ, రోజూ ఎంత నీరు తీసిందో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వాడిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది. మందు ఒకటే అన్న నా అంచనా తప్పని తేల్చింది కూడా ఆ యంత్రమే.

నేను తీసుకున్నది కంప్రెసర్ రకం. పెట్టె మీద రోజుకు 20 లీటర్ల సామర్థ్యం, 3 లీటర్ల ట్యాంకు, 350 వాట్ల కరెంటు అని రాసి ఉంది. ఈ తరగతి యంత్రాల లోపలి అమరిక అంతా ఇంచుమించు ఒకటే కనుక బ్రాండు పేరు ప్రస్తావించడం లేదు. ఫ్రిజ్ పనిచేసే పద్ధతిలోనే ఇదీ పనిచేస్తుంది. వెనుక నుంచి గాలిని పీల్చుకుని చల్లటి కాయిల్ మీదుగా పంపిస్తే, చల్లటి గ్లాసు బయట నీటి బిందువులు పట్టినట్టే కాయిల్ మీద నీరు చేరి ట్యాంకులోకి జారుతుంది. ఆ తరువాత గాలి వేడి కాయిల్ మీదుగా వెళ్లి, పొడిబారి, కొంచెం వేడెక్కి బయటికి వస్తుంది. కొనేవారు తరచుగా పట్టించుకోని విషయం ఈ వేడి. లీటరు ఆవిరి నీరుగా మారినప్పుడు దాదాపు 0.68 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి వెలువడుతుంది, దానికి యంత్రం వాడుకునే కరెంటు కూడా వేడిగానే తోడవుతుంది, అదంతా గదిలోనే ఉంటుంది. తలుపులు మూసి నడిపితే మా గదిలో రెండు డిగ్రీల వరకు పెరిగేది. ఎండాకాలంలో ఈ యంత్రం నడుస్తున్న గదిలో కూర్చోవడం కష్టం కాబట్టి, మేము గదిలో లేని వేళల్లోనే నడుపుతూ వచ్చాను.

పెట్టె మీది 20 లీటర్ల మాట కూడా విడమరచి చెప్పుకోవాలి. చాలా కంపెనీలు ఆ అంకెను 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలిలో కొలిచి ప్రకటిస్తాయి. సుమారు 27 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న మామూలు గదిలో అదే యంత్రం సగానికి అటూ ఇటూగా మాత్రమే తీస్తుంది. మోసమని అనలేను గానీ, 10 లీటర్ల యంత్రం తనకు చాలని ఆ అంకెను నమ్మి కొన్నవారు నిరాశపడతారు. గది వేడి 15 డిగ్రీల కన్నా తగ్గే చోట్ల కంప్రెసర్ రకానికి కాయిల్ మీద మంచు పేరుకుని పని మందగిస్తుంది. అక్కడ తేమను పీల్చే పదార్థంతో చేసిన చక్రం తిరిగే రకం తీసుకోవడం మేలు.

ఇది కొనే ముందు రెండు చవక మార్గాలు ప్రయత్నించి విసిగిపోయాను. మొదటిది బీరువాల్లో పెట్టుకునే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు. అవి నిజంగానే తేమను పీల్చి కింది అరలో నీరుగా నింపుతాయి, మూసి ఉంచే బీరువాకు పనికొస్తాయి కూడా. కానీ ఒక్కో డబ్బా నెలంతా కలిపి అర లీటరు దాటలేదు, పైగా ఒకటి ఒరిగిపోయి ఆ జిడ్డు ఉప్పునీరు ఇనుప అర మీద పడి, తుడిచిన రెండు రోజులకే తుప్పు మరక తేలింది. రెండోది అరచేతిలో పట్టేంత ఉండే, కంప్రెసర్ లేని బుల్లి యంత్రం. అది రోజుకు పావు లీటరు తీయడమే గొప్ప. గదిని ఆరబెట్టడానికి దాన్ని కొనడం దండగ.

యంత్రంతో పాటు తేమను కొలిచే చిన్న హైగ్రోమీటరు కొన్నాను. చవక హైగ్రోమీటర్లు 5 శాతం వరకు తప్పు చూపించడం మామూలు, అందుకని దాన్ని ముందుగా పరీక్షించాను. సీసా మూతలో ఉప్పు పోసి, కరిగిపోకుండా ముద్దగా తడిసేటన్ని నీటి చుక్కలు వేసి, దాన్నీ మీటరునూ కలిపి గాలి చొరబడని జిప్ సంచిలో పెట్టి రాత్రంతా వదిలేశాను. తడి ఉప్పు చుట్టూ ఉన్న మూసిన గాలి 75 శాతం తేమ వద్ద నిలబడుతుంది. నా మీటరు 71 చూపించింది. అంటే అది చూపే అంకెకు 4 కలుపుకోవాలి. యంత్రం ముందుభాగంలో వెలిగే అంకెను కూడా దీనితో పోల్చి చూస్తే, యంత్రం 55 అంటున్నప్పుడు గది అవతలి మూలలో 61 ఉండేది. యంత్రం తన ముక్కు దగ్గరి గాలినే కొలుచుకుంటుంది మరి! వందల యంత్రాల మీద ఇదే ఫిర్యాదు వినిపిస్తుంది కాబట్టి దీన్ని నా యంత్రానికే ఉన్న లోపంగా లెక్కించడం లేదు. విడిగా ఒక మీటరు లేకుండా ఈ యంత్రాన్ని కొనవద్దని మాత్రం చెబుతాను.

మొదటి రాత్రి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పడకగది తలుపులు, కిటికీలు మూసి, 55 శాతానికి అమర్చి నడిపితే, తెల్లవారుజామున ట్యాంకు నిండి యంత్రం కీచుమని ఆగిపోయింది. ఒక్క రాత్రిలో దాదాపు 3 లీటర్లు! ఆ సంతోషంలో ట్యాంకును లాగితే సగం గచ్చు మీద ఒలికింది గానీ, తుడుస్తూ ఉండగా ఒక లెక్క తట్టింది. మా పడకగదిలో ఉండే గాలి దాదాపు 36 ఘనపు మీటర్లు. 27 డిగ్రీల వద్ద గాలి పూర్తిగా తడిసి ఉంటే ఘనపు మీటరులో సుమారు 26 గ్రాముల ఆవిరి పడుతుంది. ఆ రోజు గదిలో 78 శాతం ఉంది కనుక ఒక్కో ఘనపు మీటరులో 20 గ్రాములు, గది మొత్తానికి 720 గ్రాములు. దాన్ని 55 శాతానికి దించాలంటే గాలిలో నుంచి తీయవలసింది 200 గ్రాములకు కాస్త ఎక్కువ, అంతే. మరి ట్యాంకులో ఉన్న 3 లీటర్లు ఎక్కడివి? కొంత తలుపు సందుల్లో నుంచి వచ్చే బయటి గాలిది. మిగిలినది పరుపు, బట్టలు, చెక్క, పుస్తకాలు, గోడలు నెలల తరబడి పీల్చి దాచుకున్నది. గాలిని పొడిగా ఉంచుతూ ఉంటే అవి తమలోని నీటిని కొద్దికొద్దిగా వదులుతాయి. ట్యాంకులో రోజూ పడే నీరు గదిలోని వస్తువులకు, గోడలకు సంబంధించిన కబురు అన్నమాట. ఆ రోజు నుంచే కొలపాత్ర, నోటుపుస్తకం పక్కన పెట్టుకున్నాను.

పడకగదిలో నీరు తగ్గుతూ వచ్చింది. రోజుకు 4 లీటర్లతో మొదలై, వారం తిరిగేసరికి 2 లీటర్లకు, మూడో వారానికి 1 లీటరు దగ్గరకు దిగింది. బయట ఎండ కాసిన రోజుల్లో 400 మిల్లీలీటర్లు కూడా దాటలేదు. ఆ తరువాత యంత్రాన్ని రెండో గదికి మార్చాను. ఆ గది దాదాపు అంతే పరిమాణంలో ఉంటుంది, అందులో బట్టలూ పరుపూ తక్కువ. మొదటి రోజు 4 లీటర్లు వచ్చింది. వారం తరువాత రెండున్నర. మూడో వారంలోనూ రెండున్నరే. ఎండ కాసినా అంతే, వాన పడినా అంతే. నిల్వ ఉన్న నీరైతే తీసేకొద్దీ తరగాలి, బయటి గాలి తేమ అయితే వాతావరణాన్ని బట్టి మారాలి. ఇది రెండూ కాకుండా పంపు తిప్పినంత నిలకడగా వస్తోంది. అంతకన్నా ఆందోళన కలిగించినది, యంత్రం పెట్టాక ఆ గోడ మునుపటికన్నా ఎక్కువగా పెచ్చులూడడం. గాలి పొడిబారేకొద్దీ గోడలోని నీరు వేగంగా పైకి వచ్చి ఆవిరవుతుంది, దానితో కొట్టుకొచ్చిన లవణాలు ప్లాస్టరు పొరల్లో గడ్డకట్టి దాన్ని లోపలి నుంచి పగలగొడతాయి. లీకు ఉన్న గోడ ముందు ఈ యంత్రం పెట్టి సమస్య తీరిందనుకోవడం, కారుతున్న కుండ కింద గుడ్డ పరచడం లాంటిది. గుడ్డ తడుస్తూనే ఉంటుంది, కరెంటు మీటరు తిరుగుతూనే ఉంటుంది.

ఇంటి యజమాని గారితో మాట్లాడినప్పుడు ఆయన మొదటి మాట ఇది: “మీరు కిటికీలు తీయరు కదండీ, బట్టలు కూడా లోపలే ఆరేస్తున్నారు, ఇక గోడ చెమ్మగిల్లక ఏం చేస్తుంది?” పడకగది విషయంలో ఆ మాటలో సగం నిజం ఉందని ఒప్పుకోవాలి. ఒక విడత ఉతికిన బట్టలను గదిలో ఆరేస్తే 2 లీటర్ల వరకు నీరు ఆ గది గాలిలోకే పోతుంది, మేము వానాకాలమంతా అదే పని చేశాము. రెండో గదికి మాత్రం ఆ మాట వర్తించదని చూపించడానికి ఒక పాత పరీక్ష చేశాను. అడుగు పొడవు, అడుగు వెడల్పు అల్యూమినియం ఫాయిల్ ముక్కను గోడ బాగున్న చోట పెట్టి నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో అంటించి 48 గంటలు ఉంచాలి. గది వైపున నీరు పడితే అది గాలిలోని తేమ. గోడ వైపున పడితే గోడలో నుంచి వస్తున్న తేమ. టేపు ఊడదీస్తే ఫాయిల్ వెనుక భాగం చెమట పట్టినట్టు తడిసి ఉంది, ముందు వైపు పొడిగా ఉంది. పడకగదిలో అంటించిన ముక్క రెండు వైపులా పొడిగానే వచ్చింది.

ఆ రాత్రి ఇంట్లో కొళాయిలన్నీ కట్టేసి నీటి మీటరును ఫోటో తీసి, ఉదయం ఎవరూ నీళ్లు వాడకముందే మళ్లీ తీశాను. చిన్న ఎర్ర ముల్లు కదిలి ఉంది. (మీటరు కదలనంత మాత్రాన లీకు లేదనుకోరాదు; వాడిన నీరు పోయే గొట్టం కారుతుంటే అది మీటరుకు తెలియదు.) రెండు గదుల రోజువారీ కొలతలు, ఫాయిల్ ఫోటోలు, మీటరు ఫోటోలు తేదీలతో సహా కలిపి ఒకే ఉత్తరంలో యజమాని గారికి పంపితే, అంతకు ముందు నెలన్నర ఫోన్లలో తేలనిది నాలుగు రోజుల్లో తేలింది. ప్లంబరు వచ్చి నాలుగు టైల్స్ తీయగానే, గోడలో పాతిన వేడినీళ్ల పైపు వంపు దగ్గర వెంట్రుక వాసి పగులు, దాని చుట్టూ ఆకుపచ్చ మరక బయటపడ్డాయి. ఉత్తరంలో నేను ఆరోపణ ఏదీ రాయలేదు, అంకెలే రాశాను. అద్దెకుండే వారికి ఈ యంత్రం చేసే అసలు మేలు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఇల్లు ఖాళీ చేసే రోజున అడ్వాన్సులో కోత పెట్టడానికి గోడ మరకలే సాకు అవుతాయి గనుక ఆ నోటుపుస్తకాన్ని ఇప్పటికీ భద్రంగా ఉంచాను.

పైపు బాగుచేశాక కూడా ట్యాంకులో నీరు వెంటనే తగ్గలేదు. ఇటుక గోడ తనలో పదుల లీటర్లు దాచుకోగలదు. రెండు వారాలు 2 లీటర్ల దగ్గరే ఉండి, ఆ తరువాత మెల్లగా దిగుతూ రెండు నెలలకు పడకగదితో సమానమైంది. వెంటనే ఫంగస్ పట్టని పెయింటు వేయిస్తానన్న యజమాని గారిని ఆ అంకెలు చూపించే ఆపాను. తడి ఆరని గోడ మీద ఎంత మంచి పెయింటు వేసినా అది తడిని లోపల బంధించి మళ్లీ బొబ్బలెక్కుతుంది.

పడకగది బూజు విషయంలో యంత్రం పూర్తిగా గెలిచింది. అయితే యంత్రం బూజును చంపదు, కొత్తగా పెరగనివ్వదు, అంతవరకే. ఉన్నదాన్ని తుడవడం మన పని. ఒక చదరపు మీటరు లోపు ఉంటే మనమే చేసుకోవచ్చు. ఎన్95 మాస్కు, గ్లవ్స్ వేసుకుని, సబ్బు నీటిలో ముంచిన గుడ్డతో తడిగానే తుడవాలి, పొడిగా గీకితే బీజాలు గదంతా ఎగురుతాయి. బ్లీచింగ్ ద్రావణం వాడదలచుకున్నవారు దానిలో అమ్మోనియా ఉన్న క్లీనరు గానీ యాసిడ్ గానీ ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు, విషవాయువులు వెలువడతాయి. చుక్కలు బీరువా వెనుకనే ఎందుకు వచ్చాయన్నది చాలా రోజులు అర్థం కాలేదు. కారణం చిన్నది. అది బయటి గోడ, దానికి బీరువా అడ్డుగా ఉంది, గది గాలి ఆడదు, అందుచేత గోడ గాలికన్నా చల్లగా ఉంటుంది. గది గాలి 27 డిగ్రీల వద్ద 70 శాతం తేమతో ఉన్నా, గోడ పైపొర రెండున్నర డిగ్రీలు చల్లగా ఉంటే చాలు, అక్కడ తేమ 80 శాతం దాటుతుంది. నీటి చుక్క కంటికి కనిపించకుండానే బూజు బతకడానికి అది సరిపోతుంది. గది తేమను 60 శాతం లోపు ఉంచమని నిపుణులు చెప్పేది ఇందుకే. బీరువాను గోడకు జానెడు దూరం జరిపి, యంత్రాన్ని 50కి అమర్చి (నా మీటరు లెక్కలో అది 56) ఉంచాక ఏడు నెలలుగా ఒక్క చుక్క కూడా రాలేదు. ఎంత బూజు ఉంటే ప్రమాదమన్న ప్రశ్నకు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాలు అంకెలతో కూడిన హద్దు ఏదీ పెట్టలేదు. చెమ్మనూ బూజునూ అసలు ఉండనివ్వవద్దనే చెప్పాయి. కాబట్టి బూజు ఏ జాతిదో తేల్చుకోవడానికి ల్యాబుకు డబ్బు కట్టడం కన్నా ఆ డబ్బు ప్లంబరుకు ఇవ్వడం తెలివైన పని.

ఇక యంత్రం లోపాలు. ట్యాంకు 3 లీటర్లని రాశారు గానీ 2.7 దగ్గరే ఆగిపోతుంది, అయినా నిండిన ట్యాంకును ఒలకకుండా లాగడం ఇప్పటికీ నాకు చేతకాలేదు; దాని పిడి రెండు వేళ్లకు మించి పట్టదు. గొట్టం తగిలించి నీటిని నేరుగా బయటికి పంపే వీలుంది, కానీ నీరు పల్లానికే పోవాలి కనుక యంత్రాన్ని పీట మీద ఎత్తి పెట్టాల్సి వచ్చింది. ఫిల్టరు రెండు వారాలకోసారి కడగకపోతే నీరు పడడం స్పష్టంగా తగ్గుతుంది. వారం రోజులు ట్యాంకు కడగకపోతే అడుగున జిగట పట్టి, చెమ్మ వాసన పోగొట్టడానికి తెచ్చిన యంత్రమే చెమ్మ వాసన కొడుతుంది. చప్పుడు పాత ఫ్రిజ్‌లా ఉంటుంది. నాకు నిద్ర పట్టింది, మా ఇంట్లో మరొకరికి పట్టలేదు. కరెంటు, మొదటి వారంలో ఆగకుండా నడిచినప్పుడు రోజుకు 8 యూనిట్లు దాటి, గది ఆరాక 2 నుంచి 3 యూనిట్లకు దిగింది. లీకు ఉన్న నెలన్నర రోజులకు అయిన అదనపు బిల్లును లెక్కగట్టి యజమాని గారిని అడిగితే అద్దెలో తగ్గించారు. పడకగదిది మా వాడకం కాబట్టి అడగలేదు.

మూడు నాలుగు గదుల చెమ్మను ఒక్క యంత్రం తీస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు, తలుపు మూసిన ఒక్క గదికే అది న్యాయం చేస్తుంది. కిటికీలు తెరిచి నడిపితే ఊరి గాలినంతా ఆరబెట్టే ప్రయత్నమే అవుతుంది. బయటి గాలి పొడిగా ఉండే రోజుల్లో కిటికీలు తీసి ఫ్యాను వేస్తే, ఈ యంత్రం చేసే పని ఖర్చు లేకుండా జరుగుతుంది. పై అంతస్తు నుంచి, కప్పు నుంచి, పునాది నుంచి నీరు దిగుతున్నట్టు ముందే తెలిసినవారు దీన్ని కొనడం ఆపి మరమ్మతు చేయించమని అడగడం మంచిది. బూజు బీరువాల వెనుక, మూలల్లో, మంచం కింద మాత్రమే కనిపిస్తున్నవారు, కారణం తేలక యజమానితో మాట పడుతున్నవారు మాత్రం నిశ్చింతగా తీసుకోవచ్చు. ఇల్లు మారేటప్పుడు వెంట తీసుకుపోయే వస్తువు కావడం అదనపు లాభం. పడుకోబెట్టి తరలిస్తే కొత్త ఇంట్లో నిలబెట్టి ఒక రోజంతా ఆగి ఆ తరువాతే స్విచ్ వేయాలి, కంప్రెసరులోని నూనె తన చోటికి చేరడానికి ఆ సమయం కావాలి.

5 నక్షత్రాలకు 4 ఇస్తున్నాను. తగ్గించిన ఒకటి పిడికి కాదు, చప్పుడుకూ కాదు. కరెంటు పోయి వచ్చినప్పుడు ఇది తనంతట తాను మళ్లీ మొదలవదు. వారం రోజులు ఊరెళ్లి వచ్చి చూస్తే, మేము వెళ్లిన రాత్రే ఆగిపోయినట్టుంది, ట్యాంకులో అర లీటరు నీరు, మీటరులో 77 కనిపించాయి.